ముసుగు యుద్ధం ముంగిటికే వచ్చింది

2025 జూన్ 13 తెల్లవారుజామున ఇజ్రాయెల్ విమానాలు ఇరాన్ అణు కేంద్రాలపైనా, సేనానుల ఇళ్లపైనా దాడికి దిగాయి. రివల్యూషనరీ గార్డ్స్ అధిపతి హుస్సేన్ సలామీ మొదటి రోజే చనిపోయారు. 22న అమెరికా బాంబర్లు, క్షిపణులు ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ కేంద్రాలను కొట్టాయి. 24న కాల్పులు ఆగేదాకా టెహ్రాన్ ఆకాశంలో శత్రు విమానాలకు పెద్దగా అడ్డు లేకపోయింది. సరిగ్గా ఇలాంటి రోజు వస్తే కాపు కాస్తారన్న లెక్కతోనే ఇరాన్ నాలుగు దశాబ్దాల పాటు లెబనాన్‌లో, ఇరాక్‌లో, యెమెన్‌లో సాయుధ దళాలను పెంచింది. తీరా ఆ రోజు వచ్చాక హెజ్‌బొల్లా ఖండన ప్రకటన ఇచ్చి ఊరుకుంది. ఇరాక్ మిలీషియాలు చాలావరకు హెచ్చరికలతో సరిపెట్టాయి. హౌతీలు కొన్ని క్షిపణులు వేశారు గానీ యుద్ధ గమనం వాటివల్ల మారలేదు. పరాయి గడ్డ మీద, పరాయి బిడ్డలతో, తన పేరు బయటికి రాకుండా నడిపే యుద్ధం తన గడపను కాపాడుతుందన్న నమ్మకమే ప్రత్యర్థి దేశాల మధ్య హైబ్రిడ్ పోరుకు మూలధనం. గత పదేళ్ల అనుభవం ఆ నమ్మకాన్ని తిరగేసింది. అలాంటి యుద్ధం కొంతకాలం దూరంగా తిరిగి, చివరికి దాన్ని పోషించిన దేశం ముంగిటికే వస్తోంది. వచ్చేటప్పుడు రెండు దేశాలు నేరుగా తలపడకుండా ఆపిన పాత హద్దులను కూడా చెరిపేసి వస్తోంది.

ఇరాన్ ఈ దారి ఎందుకు పట్టిందో అర్థం చేసుకోకుండా దాన్ని తప్పుపట్టడం తేలిక. 1980 నుంచి 1988 దాకా సద్దాం హుస్సేన్‌తో సాగిన యుద్ధంలో ఇరాన్ దాదాపు ఒంటరి. షా కాలంలో కొన్న అమెరికా విమానాలకు విడిభాగాలు దొరకలేదు. గల్ఫ్ రాజ్యాల డబ్బు, పాశ్చాత్య దేశాల సహకారం ఇరాక్ వైపు ప్రవహించాయి. నగరాల మీద క్షిపణులు పడుతుంటే తిరిగి కొట్టడానికి చేతిలో సరైన ఆయుధం లేదు. ఆ యుద్ధం నుంచి ఇరాన్ నేర్చుకున్నవి రెండు: సొంత క్షిపణులు తయారు చేసుకోవడం, శత్రువును తన సరిహద్దుకు చాలా దూరంలోనే ఏదో ఒక గొడవలో ఇరికించి ఉంచడం. రెండోదానికి అవకాశం 1982లోనే దొరికింది. ఆ జూన్‌లో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్‌లోకి చొరబడగానే రివల్యూషనరీ గార్డ్స్ బృందాలు బెకా లోయలో దిగాయి. దక్షిణ లెబనాన్ షియాల కోపానికి ఇరాన్ డబ్బు, శిక్షణ తోడయ్యాయి. 1985 నాటికి హెజ్‌బొల్లా తన పేరుతో బహిరంగ ప్రకటన చేసే స్థాయికి చేరింది. 2000 మేలో ఇజ్రాయెల్ దక్షిణ లెబనాన్ వదిలి వెళ్లిపోయినప్పుడు టెహ్రాన్‌లో ఆ పద్ధతి మీద నమ్మకం రెట్టింపయింది. విమానవాహక నౌక ఖరీదులో చిన్న ముక్కతో మధ్యధరా తీరంలో ఇరాన్‌కు ఒక సైన్యం ఏర్పడింది. ఆంక్షల కింద నలిగే దేశానికి అంతకన్నా చవక బేరం ఉండదు.

బేరంలోని రెండో లాభం చవకదనం కన్నా పెద్దది. చేసింది మేమని ఒప్పుకోనక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 14న సౌదీ అరేబియాలోని అబ్‌కైక్, ఖురైస్ చమురు కేంద్రాలను డ్రోన్లు, క్రూయిజ్ క్షిపణులు తాకాయి. రోజుకు సుమారు 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి, అంటే సౌదీ ఉత్పత్తిలో సగం, ప్రపంచ సరఫరాలో 5 శాతం, ఒక్క పూటలో ఆగిపోయింది. కొట్టింది తామేనని హౌతీలు ప్రకటించుకున్నారు. ఆయుధాలు ఇరాన్‌వని, యెమెన్ వైపు నుంచి రాలేదని అమెరికా, సౌదీ చెప్పాయి. తమకు సంబంధం లేదని ఇరాన్ అంది. ఆ అనుమానపు పొగ చాలింది. ఎవరూ ఇరాన్ మీద బాంబు వేయలేదు. వాషింగ్టన్ రక్షణ గొడుగు అవసరమైనప్పుడు తెరుచుకోకపోవచ్చని గల్ఫ్ రాజులకు తెలిసొచ్చింది. ఆ ఏడాదే యెమెన్ నుంచి తన బలగాలను తగ్గించుకోవడం మొదలుపెట్టిన యూఏఈ టెహ్రాన్‌తో మాటలకు తలుపులు తెరిచింది. 2016లో తెగిన సౌదీ, ఇరాన్ దౌత్య సంబంధాలు 2023 మార్చిలో బీజింగ్‌లో తిరిగి అతుక్కున్నాయి. సైబర్ దాడులనూ, ట్యాంకర్లకు అంటించిన మందుపాతరలనూ, ఉపగ్రహ దారిచూపే సంకేతాలను చెడగొట్టడాన్నీ ఇదే గాట కట్టాలి. సాధనాలు వేరైనా అన్నింటి లక్ష్యం ఒకటే: దెబ్బ తగలాలి, యుద్ధం ప్రకటించడానికి సరిపడా రుజువు మాత్రం దొరకకూడదు. 2019 దాకా చూస్తే ఇరాన్ లెక్క తప్పలేదని ఒప్పుకోవాల్సిందే.

అయితే ముసుగు వాడేకొద్దీ పలచబడుతుంది. మొదటిసారి 'ఎవరో చేశారు' అంటే ప్రపంచం ఆగి ఆలోచిస్తుంది. పదోసారి అంటే వినేవాళ్లుండరు. అప్పుడు దెబ్బ తిన్న దేశం చేతికి దొరికినవాడిని వదిలేసి చేయించినవాడిని వెతుకుతుంది. పశ్చిమాసియాలో ఈ వెతుకులాట ఎలా సాగిందో తేదీల వారీగా చూస్తే గుండె ఝల్లుమంటుంది. 2020 జనవరి 3న బాగ్దాద్ విమానాశ్రయం దగ్గర అమెరికా డ్రోన్ ఖుద్స్ ఫోర్స్ అధిపతి ఖాసిం సులేమానీని చంపింది. అంతకు ముందు వారం ఇరాక్‌లో అమెరికన్ కాంట్రాక్టర్‌ను చంపింది మిలీషియా రాకెట్లు. ప్రతీకారం మాత్రం ఇరాన్ రాజ్యపు సేనాని మీద పడింది. 2024 ఏప్రిల్ 1న డమాస్కస్‌లోని ఇరాన్ కాన్సులేట్ భవనాన్ని ఇజ్రాయెల్ కూల్చింది. జనరల్ మహమ్మద్ రెజా జహెదీ అందులో చనిపోయారు. దానికి బదులుగా ఏప్రిల్ 13 రాత్రి ఇరాన్ తన గడ్డ మీద నుంచి, తన పేరుతోనే, 300కు పైగా డ్రోన్లు, క్షిపణులను ఇజ్రాయెల్ మీదికి పంపింది. నాలుగు దశాబ్దాలుగా దాటని గీత అది. జూలైలో హమాస్ నేత ఇస్మాయిల్ హనియే టెహ్రాన్ అతిథి గృహంలోనే హతుడయ్యాడు. అక్టోబర్ 1న మళ్లీ ఇరాన్ క్షిపణులు, 26న ఇరాన్ మీద ఇజ్రాయెల్ విమానాలు. ఇక 2025 జూన్ సంగతి మొదటే చెప్పుకున్నాం. మిలీషియా నుంచి సేనానికి, సేనాని నుంచి దౌత్య భవనానికి, అక్కడి నుంచి రాజధానికి. ప్రతి మెట్టూ అంతకు ముందు 'ఇది జరగదు' అనుకున్నదే.

మరి కాపు కాయాల్సిన దళాలు ఎందుకు కదల్లేదు? అప్పటికి హెజ్‌బొల్లా చితికిపోయి ఉందన్నది నిజం. 2024 సెప్టెంబర్‌లో పేజర్లు పేలాయి, 27న హసన్ నస్రల్లా హతుడయ్యాడు, డిసెంబర్ 8న సిరియాలో అసద్ పాలన కూలి ఆయుధాలొచ్చే దారి మూసుకుపోయింది. కానీ ఆ సమాధానం సగమే. హెజ్‌బొల్లా ఆ దశకు వచ్చిందే ఇరాన్ కోసం కాని యుద్ధంలో. 2023 అక్టోబర్ 7 దాడి నిర్ణయం గాజాలో హమాస్ సైనిక నాయకత్వానిది. ఆ తేదీ, ఆ స్థాయి టెహ్రాన్‌కు ముందే తెలుసనడానికి గట్టి రుజువు బయటికి రాలేదు. అయినా మర్నాడే హెజ్‌బొల్లా ఉత్తర సరిహద్దులో కాల్పులు మొదలుపెట్టింది. 'అన్ని రంగాల ఐక్యత' అని తామే చాటుకున్న సిద్ధాంతం పరువు కోసం మొదలుపెట్టక తప్పలేదు. అంటే గాజాలో ఒక దళం తీసుకున్న నిర్ణయానికి బీరుట్‌లో మరో దళం బలైంది, దానితో టెహ్రాన్ రక్షణ కవచం బద్దలైంది. 2006లోనూ ఇదే జరిగింది. ఇద్దరు ఇజ్రాయెల్ సైనికులను ఎత్తుకుపోతే 34 రోజుల యుద్ధం వస్తుందని తెలిస్తే ఆ పని చేయించేవాడిని కాదని ఆ ఆగస్టులో నస్రల్లాయే టీవీలో ఒప్పుకున్నాడు. దళాలకు సొంత ఊళ్లుంటాయి, సొంత మృతులుంటారు, ఎన్నికల్లో ఓట్లడగాల్సిన సొంత జనముంటారు. తమ పని పడ్డప్పుడు అవి పోషకుణ్ని లాక్కొస్తాయి. పోషకుడికి పని పడ్డప్పుడు తమ జనం ముఖం చూసుకుని ఆగుతాయి. ఆయుధాలిచ్చినంత మాత్రాన ఆజ్ఞ చెల్లదు.

ఈ లెక్కలన్నింటిలో పేరు రాయని ఖాతా ఒకటుంది. అది నేల ఇచ్చిన దేశానిది. లెబనాన్ అంతర్యుద్ధాన్ని ముగించిన 1989 తాయెఫ్ ఒప్పందం మిలీషియాలన్నీ ఆయుధాలు దించాలంది. ఇజ్రాయెల్ ఆక్రమణ సాకుతో హెజ్‌బొల్లాకు మాత్రం మినహాయింపు దొరికింది. ఆ ఒక్క మినహాయింపు ముప్పై ఏళ్లలో రాజ్యాన్ని డొల్ల చేసింది. యుద్ధం ఎప్పుడు, ఎవరితో అన్నది మంత్రివర్గం చేతిలో లేదు, పార్లమెంటు చేతిలో అంతకన్నా లేదు. 2022 అక్టోబర్ నుంచి 2025 జనవరి దాకా రెండేళ్లకు పైగా అధ్యక్ష పీఠమే ఖాళీగా ఉంది. 2024 యుద్ధంలో సుమారు నాలుగు వేల మంది చనిపోయారు, దాదాపు 12 లక్షల మంది ఇళ్లు వదిలారు. పునర్నిర్మాణానికి 1,100 కోట్ల డాలర్లు కావాలని ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. అప్పటికే బ్యాంకులు దివాళా తీసి, జనం దాచుకున్న డబ్బు తీసుకోలేని దేశం అది. ఆ యుద్ధం కావాలని లెబనాన్ పౌరుడు ఏ ఎన్నికలోనూ ఓటు వేయలేదు. 2025 ఆగస్టులో ఆయుధాలు రాజ్యం చేతిలోనే ఉండాలని లెబనాన్ మంత్రివర్గం సైన్యాన్ని ప్రణాళిక అడగడానికి అన్నేళ్లూ, అన్ని శవాలూ పట్టాయి.

ఇరాక్ పరిస్థితి మరీ విచిత్రం. 2014 జూన్‌లో మోసుల్ ఐసిస్ చేతికి చిక్కినప్పుడు అయతొల్లా సిస్తానీ పిలుపుతో వేల మంది ఆయుధాలు పట్టారు. బాగ్దాద్‌ను కాపాడటంలో వారి పాత్రను కాదనలేం. 2016లో పార్లమెంటు చట్టం చేసి ఆ హష్ద్ అల్ షాబీ దళాలను రాజ్య బలగాల్లో కలిపింది, ఖజానా నుంచి జీతాలిచ్చింది. వాటిలో కొన్ని మాత్రం టెహ్రాన్ వైపే చూస్తాయి. 2024 జనవరి 28న ఇరాన్ అనుకూల ఇరాకీ మిలీషియాల డ్రోన్ జోర్డాన్‌లో ముగ్గురు అమెరికా సైనికులను చంపింది. వారం తిరక్కుండా అమెరికా విమానాలు ఇరాక్, సిరియాల్లో 85 లక్ష్యాలను కొట్టాయి. తన జీతం తినే మనుషులు తన అనుమతి లేకుండా మూడో దేశంలో నాలుగో దేశం సైనికులను చంపితే, ఆ నాలుగో దేశం వచ్చి తన గడ్డ మీద బాంబులు వేస్తే, బాగ్దాద్ ప్రభుత్వం చేయగలిగింది నిరసన తెలపడమే. సార్వభౌమత్వం అనే మాటకు ఇంతకన్నా పెద్ద ఎగతాళి ఏముంటుంది?

గొడవతో సంబంధం లేనివాళ్ల సంగతికొస్తే, 2023 నవంబర్ 19న హౌతీలు హెలికాప్టర్ దింపి పట్టుకున్న గెలాక్సీ లీడర్ నౌక భారత్ వైపే వస్తోంది. దానిలోని 25 మంది నావికులు, వీళ్లలో ఇజ్రాయెలీ ఒక్కడూ లేడు, 2025 జనవరి దాకా బందీలు. నూటికి పైగా నౌకల మీద దాడులయ్యాయి. గాజా కోసమే చేస్తున్నామన్నది హౌతీల మాట. దెబ్బ పడింది మాత్రం గాజాకు పక్కనే ఉన్న అరబ్బు దేశం ఈజిప్టు మీద: 2023లో 1,000 కోట్ల డాలర్లు దాటిన సూయజ్ కాలువ రాబడి 2024లో సుమారు 400 కోట్లకు పడిపోయింది. ఐరోపాకు పోయే సరుకు ఆఫ్రికా చుట్టూ తిరగడంతో పది, పద్నాలుగు రోజుల ప్రయాణం, దానికి తగ్గ కిరాయి పెరిగాయి. గోదావరి, కృష్ణా జిల్లాల రొయ్యల ఎగుమతిదారులకు ఈ లెక్క ఎవరూ వివరించనక్కర్లేదు. 2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం అల్ ఉదైద్ మీదికి ఇరాన్ క్షిపణులు దూసుకొచ్చి గల్ఫ్ గగనతలం మూతపడ్డప్పుడు కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ఇళ్లలో ఎంతమంది నిద్రపోలేదో చెప్పనక్కర్లేదు. ప్రాంతీయ భద్రత అంటే పోట్లాడుకునే రెండు దేశాల వ్యవహారం అనుకోవడం పొరపాటు.

ఇదంతా పశ్చిమాసియా ప్రత్యేకత అనుకుంటే 2024 జనవరిని గుర్తు చేసుకోవాలి. ఆ నెల 16న ఇరాన్ పాకిస్థాన్ బలూచిస్థాన్‌లోని సున్నీ సాయుధ సంస్థ జైష్ అల్ అద్ల్ స్థావరాల మీద క్షిపణులు వేసింది. 18న పాకిస్థాన్ ఇరాన్‌లోని బలూచ్ వేర్పాటువాదుల మీద వేసింది. పొరుగు దేశాల్లో సాయుధ దళాలను పెంచడంలో ఆరితేరిన రెండు రాజ్యాలు, తమ పొరుగువాడు అదే పని చేస్తున్నాడని ఆరోపిస్తూ, రెండు రోజుల తేడాతో ఒకరి గడ్డను ఒకరు కొట్టుకున్నాయి. ఇద్దరిలో ఎవరికీ 'మాకు తెలియదు' అన్న జవాబు అవతలివాడి నోట వినే ఓపిక లేకపోయింది.

పాకిస్థాన్‌కు ఈ విద్య ఇరాన్ కన్నా పాతది. 1947 అక్టోబర్ 22న కశ్మీర్‌లోకి వచ్చింది గిరిజన లష్కర్లు. 1965 ఆగస్టులో వచ్చింది 'స్థానిక తిరుగుబాటుదారులు', వాళ్లను పంపిన పథకం పేరు ఆపరేషన్ జిబ్రాల్టర్. సెప్టెంబర్ 6న భారత సైన్యం లాహోర్ వైపు అంతర్జాతీయ సరిహద్దు దాటింది. 1999లో కార్గిల్ శిఖరాలపై కూర్చున్నది ముజాహిదీన్లేనని ఇస్లామాబాద్ వాదించింది. తర్వాత నార్తర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీతో పోరాడిన ఇద్దరికి తన అత్యున్నత సైనిక పురస్కారం నిషాన్ ఎ హైదర్ ఇచ్చి, తన మాటను తానే కొట్టిపారేసింది. అణ్వస్త్రాలొచ్చాక పాక్ ధీమా పెరిగింది. భారత్ పెద్ద యుద్ధానికి రాలేదు కాబట్టి చిన్న గాయాలు చేస్తూ పోవచ్చు అన్నది ఆ ధీమా. 2001 డిసెంబర్ పార్లమెంటు దాడి తర్వాత సైన్యం పది నెలలు సరిహద్దులో నిలబడి వెనక్కి వచ్చింది. 2008లో ముంబైలో 166 మంది చనిపోయినా సైనిక చర్య లేదు. ఆ ధీమా నిజమే అనిపించిన కాలం అది. 2016లో ఉరీ తర్వాత భారత్ దెబ్బ నియంత్రణ రేఖ దాటింది. 2019లో పుల్వామా తర్వాత ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలోని బాలాకోట్ దాకా వెళ్లింది. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని కాల్చి చంపాక పాక్ పంజాబ్ నడిబొడ్డున ఉన్న మురీద్కే, బహావల్‌పూర్‌ల మీదే పడింది. తర్వాతి మూడు రోజుల్లో వైమానిక స్థావరాలు కూడా లక్ష్యాలయ్యాయి. టెహ్రాన్ ఎక్కిన మెట్లే ఇవి, మెట్టుకూ మెట్టుకూ మధ్య వ్యవధి మాత్రం తేడా.

పహల్గామ్ బాధ్యత మొదట తమదేనని, తర్వాత కాదని చెప్పిన టీఆర్ఎఫ్ (ది రెసిస్టెన్స్ ఫ్రంట్) చరిత్ర చూడండి. లష్కరే తాయిబా పేరు బాగా నానిపోయాక, 2019 తర్వాత పుట్టించిన పేరు అది. మతం వాసన లేకుండా ఇంగ్లీషులో పెట్టుకున్న పేరు. ముసుగుకు ముసుగు వేసినా పని జరగలేదు. మూడు నెలలు తిరక్కుండా అమెరికా దాన్ని లష్కర్ మారుపేరుగానే ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. అటు పశ్చిమ సరిహద్దులో పాకిస్థాన్‌కు తగిలిన దెబ్బ ఇంకా లోతైనది. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల చేతికి వచ్చాక కొన్ని వారాలకే ఐఎస్ఐ అధిపతి అక్కడ టీ కప్పుతో కనిపించారు. ఇరవై ఏళ్ల పెట్టుబడి ఫలించిందనుకున్నారు. అదే తాలిబాన్ నీడలో తెహ్రీకే తాలిబాన్ పాకిస్థాన్ బలపడి పాక్ సైనికులను వరుసగా చంపింది. ఇదే సంస్థ 2014 డిసెంబర్‌లో పెషావర్ సైనిక పాఠశాలలో 140 మందికి పైగా చంపింది, ఎక్కువ మంది పిల్లలు. 2025 అక్టోబర్‌లో పాక్ బలగాలు, అఫ్గాన్ తాలిబాన్లు సరిహద్దులో బాహాటంగా తలపడితే ఖతార్, తుర్కియే కూర్చోబెట్టి దోహాలో కాల్పుల విరమణ చేయించాయి. మీ గడ్డ మీద నుంచి వచ్చి మమ్మల్ని చంపుతున్నారు అని ఇస్లామాబాద్ కాబూల్‌ను నిలదీసింది. ఢిల్లీ ముప్పై ఏళ్లుగా ఇస్లామాబాద్‌ను అడిగిందీ ఇదే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. హౌతీలు ఓడిపోలేదు కదా? ఏడేళ్లు సౌదీ కూటమి బాంబులు వేసినా సనా వాళ్ల చేతిలోనే ఉంది. 2025లో మార్చి నుంచి మే దాకా అమెరికా విడవకుండా కొట్టి, చివరికి ఒమన్ మధ్యవర్తిత్వంతో సర్దుకుంది. జూలైలో వాళ్లు మరో రెండు నౌకలు ముంచారు. 2000లో హెజ్‌బొల్లా కూడా గెలిచింది. ఇవన్నీ నిజాలే, దాచాల్సిన పని లేదు. కానీ ఎవరి గెలుపో విడదీసి చూడాలి. హెజ్‌బొల్లా 2000లో గెలిచింది దక్షిణ లెబనాన్‌లో, తన ఊళ్ల కోసం, ఆక్రమించిన సైన్యం మీద. హౌతీలు నిలదొక్కుకున్నది ఉత్తర యెమెన్‌లోని సాదా కొండల్లో, యెమెన్ అంతర్గత రాజకీయం ఇచ్చిన బలంతో. సొంత నేల మీద సొంత కారణం కోసం పోరాడే దళాన్ని పెకిలించడం కష్టమని ఇవి రుజువు చేస్తాయి. ఆ దళం పోషక దేశాన్ని కాపాడుతుందని రుజువు చేయవు. యెమెన్‌లో హౌతీలు నిలిచారు, అదే కాలంలో ఇరాన్ గగనతలం నిలవలేదు. అలా నిలబడటానికి యెమెన్ చెల్లించిన ధరను కూడా ఎవరో ఒకరు చెప్పాలి: 2021 చివరికి యుద్ధం వల్ల, దానివెంట వచ్చిన ఆకలి, రోగాల వల్ల 3,77,000 మంది చనిపోయి ఉంటారని ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ అంచనా.

మరో అభ్యంతరం నైతికమైనది. బలవంతులకు విమానాలున్నాయి, బలహీనులకు ఇదొక్కటే దారి, పైగా నీతులు చెప్పేవాళ్లందరూ ఈ పని చేసినవాళ్లే అంటారు. ఆ చివరి మాట కాదనలేం. అమెరికా నికరాగువాలో కాంట్రాలను, అఫ్గానిస్థాన్‌లో ముజాహిదీన్లను సాకింది. 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం కాంట్రాలకు ఆయుధాలివ్వడం చట్టవిరుద్ధమని తేల్చింది. కానీ వాళ్లు చేసిన ఘోరాలకు అమెరికాను బాధ్యురాలిని చేయాలంటే వారిపై ప్రభావవంతమైన అదుపు ఉన్నట్టు రుజువు కావాలంది. ఆ తర్వాత ఆయుధాలు పంచిన ప్రతి రాజ్యమూ ఆ సందులోనే దూరింది. మన చేతులూ శుభ్రం కాదు. 1980లలో శ్రీలంక తమిళ సాయుధ దళాలకు తమిళనాడులో శిక్షణ ఇచ్చింది భారత ప్రభుత్వమే. వాటిలో బలమైన ఎల్టీటీఈతోనే 1987లో శాంతి సేన యుద్ధం చేయాల్సి వచ్చింది, వెయ్యి మందికి పైగా మన జవాన్లు తిరిగి రాలేదు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో మాజీ ప్రధాని ప్రాణమే పోయింది. 1971లో ముక్తిబాహిని విషయం వేరు కదా అంటారు. వేరే. అక్కడ దాదాపు కోటి మంది శరణార్థులొచ్చారు, ఎన్నికల్లో గెలిచిన పార్టీ ఉంది, చివరికి భారత్ తన పేరుతో, తన సైన్యంతో, బహిరంగంగా యుద్ధం చేసి పదమూడు రోజుల్లో ముగించింది. ముసుగు తీశాక వచ్చిన ఫలితం అది. బలహీనులకు ఇదొక్కటే దారి అన్న వాదానికి జవాబు ఇరాన్ అనుభవమే. ఈ దారి వాళ్లను ఇంకా బలహీనులను చేసింది.

అయితే ముసుగు వెనక ఉన్నవాణ్ని నేరుగా కొట్టడమే మందా? ఢిల్లీలో, టెల్ అవీవ్‌లో ఇప్పుడు వినబడే జవాబు అవుననే. 2025 మేలో మన ప్రభుత్వం ఇకపై ఉగ్రదాడిని యుద్ధ చర్యగానే చూస్తామని, ఉగ్రవాదికీ వాడిని పోషించే ప్రభుత్వానికీ తేడా చూడబోమని స్పష్టం చేసింది. ఇరవై ఏళ్ల నిస్సహాయత తర్వాత ఈ మాట ప్రజలకు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. పోషకుడికి ఖర్చు పెరగాలన్నదీ సబబే. చిక్కు మరోచోట ఉంది. ప్రతి దాడికీ యుద్ధమే జవాబని ముందే చెప్పేస్తే, యుద్ధం ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించే అధికారం తుపాకులు పట్టుకున్న నలుగురి చేతికి వెళ్తుంది. ఆ నలుగురూ రావల్పిండి మాట విని వచ్చారా, వినకుండా వచ్చారా అన్నది తేలడానికి వారాలు పడుతుంది. ఇరు దేశాల విమానాలు గాల్లోకి లేవడానికి గంటలు చాలు. హమాస్ నిర్ణయం ఇరాన్‌ను ఎక్కడికి ఈడ్చిందో చూశాక, పాక్ సైన్యం అదుపు తప్పిన ఏదో ఒక ముఠా రెండు అణ్వస్త్ర దేశాలను అలాగే ఈడ్వదన్న భరోసా ఎవరివ్వగలరు? యుద్ధం రాకుండా ఉంచే హద్దును తగ్గించింది పరోక్ష దళాలే అయినా, దాన్ని ఇంకా కిందికి నెట్టే పని ఇప్పుడు ప్రతీకార సిద్ధాంతాలు చేస్తున్నాయి.

కాబట్టి సైనిక జవాబును చివరి సాధనంగా అట్టేపెట్టుకుని, దానికి ముందుండే మెట్లను పటిష్ఠం చేసుకోవాలి. వాటిలో మొదటిది రుజువు. ముంబై దాడిలో ప్రాణాలతో దొరికిన కసబ్‌ను, అప్పీళ్లతో కలిపి దాదాపు నాలుగేళ్ల పాటు, న్యాయస్థానాల్లో విచారించడం అప్పట్లో చాలామందికి చేతగానితనంలా కనిపించింది. ఆ సాక్ష్యాలే ప్రపంచం ముందు పాకిస్థాన్‌కు కాదనలేని పత్రాలయ్యాయి. రెండోది సైనికాధికారుల మధ్య నేరుగా మాట్లాడుకునే ఫోన్. 2025 మే 10న కాల్పులు ఆగింది ఆ తీగ మీదే. సింధు జలాలు, వీసాలు, విమాన మార్గాలు అన్నీ తెంచుకున్న రోజుల్లో కూడా అది తెగకపోవడం మన అదృష్టం. మూడోది డబ్బు. దీని గురించి మన టీవీ చర్చల్లో ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా చూసేవాళ్లుండరు. ఉగ్ర నిధులపై నిఘా వేసే ఎఫ్ఏటీఎఫ్ 2018 జూన్‌లో పాకిస్థాన్‌ను గ్రే జాబితాలో పెట్టింది. అప్పులు లేనిదే గడవని ఆర్థిక వ్యవస్థకు ఆ జాబితా గొంతు మీద వేలు. 2017 నవంబర్‌లో గృహ నిర్బంధం నుంచి దర్జాగా బయటికొచ్చిన హఫీజ్ సయీద్‌కు 2020 ఫిబ్రవరిలో లాహోర్ కోర్టు ఉగ్ర నిధుల కేసులో జైలు శిక్ష వేసింది ఆ ఒత్తిడి కిందే. 2022 అక్టోబర్‌లో పాకిస్థాన్ ఆ జాబితా నుంచి బయటపడింది. పహల్గామ్ దాడిని 2025 జూన్‌లో అదే సంస్థ ఖండిస్తూ, నిధులు లేకుండా ఇలాంటివి జరగవని చెప్పింది. ఆ నిధులు ఏ ఖాతాల్లోంచి కదిలాయో చూపి, గ్రే జాబితా తలుపు మళ్లీ తెరిపించే ఓపిక ఢిల్లీకి ఇప్పుడు కావాలి.